గణపేశ్వరం రాయి ఆత్మకథ

గణపేశ్వరం శాసనం పుట్టింది శక సంవత్సరం 1153లో, అంటే క్రీ.శ. 1231లో. ఊరు కృష్ణా జిల్లా నాగాయలంక మండలంలో ఉంది, సముద్రానికి చేరువ. దివిసీమ అంతా ఒండ్రు నేల. బావి తవ్వితే మట్టీ ఇసుకా తప్ప రాయి తగలదు. కాబట్టి ఈ రాయి ఎక్కడో కొండను వదిలి పడవో బండో ఎక్కి వచ్చిందే. తన కథ తానే చెప్పుకుంటున్నా ఇది ‘నేను’ అనదు. శాసనాల వాడుక ప్రథమ పురుషే. పైగా దీని ఒంటి మీద ఉన్నది జాయప సేనాని కథ, అతని ఇంటివాళ్ల కథ.

రాయికి మొదటి ఎరుక ఉలి దెబ్బ. సంస్కృత శ్లోకాలను నాటి తెలుగు లిపిలో చెక్కారు. పద్యం పాదం ఎక్కడ ఆగుతుందో ఉలికి పట్టదు. పంక్తి రాతి అంచుదాకా పోయి, మాట మధ్యలో విరిగి కింది వరుసలోకి దిగుతుంది. ఛందస్సు పట్టుకుని విడదీసుకోవడం చదివేవాడి పని.

ఆ పద్యాల ప్రకారం జాయపది అయ్య వంశం. వాళ్ల మూలం వెలనాటిలోని క్రొయ్యూరు. వెలనాటి చోడుల సేనానులుగా ఉంటూ దివిని సంపాదించుకున్నారు. జాయప తండ్రి పినచోడుడు. 13వ శతాబ్దం తొలి ఏళ్లలో ఓరుగల్లు కాకతీయ గణపతిదేవుడు (పాలన 1199–1262) తీరసీమ మీదికి వచ్చి వెలనాటినీ దివినీ గెలిచాడు. గెలిచినవాడు ఓడినవాళ్ల ఇంటికే అల్లుడయ్యాడు. జాయప తోబుట్టువులు నారమ, పేరమ ఇద్దరినీ పెళ్లాడి, కుర్రవాడైన జాయపను కొలువులోకి తీసుకున్నాడు. శాసనం దీన్ని రాజుగారి దయగా చెబుతుంది. దయ ఉంటే ఉండవచ్చు గాని, ఇద్దరు ఆడపడుచులూ ఒక కొడుకూ గణపతిదేవుడి పక్షం చేరాక దివిలో కత్తి దూసేదెవరు?

బావ కొలువులో జాయప గజసాహిణి అయ్యాడు, అంటే ఏనుగుల దళానికి అధిపతి. చేబ్రోలులోని శాసనం శక 1135 నాటిది, క్రీ.శ. 1213. దాన్ని ఈ రాయికి అక్క అనవచ్చు. 1135, 1153: అంకెలు రెండు తారుమారు, వయసులో తేడా 18 ఏళ్లు. జాయప బిరుదు ‘వైరి గోధూమ ఘరట్ట’ను చెప్పేది ఆ అక్కే. శత్రువులనే గోధుమలను పిండి చేసే తిరగలి అని అర్థం. వరిచేలే తెలిసిన దివి బిడ్డకు గోధుమల బిరుదు కాస్త వింతే. చేబ్రోలులో తండ్రి పేర చోడేశ్వరాలయం, దివిలో బావ పేర గణపేశ్వరాలయం కట్టించాడు. ఈ ఊరికి ఆ గుడి పేరే నిలిచింది.

జాయపను ఈనాడు తలుచుకునేది ఏనుగుల వల్లా కాదు, గుళ్ల వల్లా కాదు. 1253–54లో అతను సంస్కృతంలో ‘నృత్తరత్నావళి’ ముగించాడు. అప్పటికి ఈ రాయి మీద చెక్కుడు పూర్తయి ఇరవై ఏళ్లు దాటింది, కాబట్టి ఆ పుస్తకం ఊసు దీనికి తెలిసే వీల్లేదు. పుస్తకంలో ఎనిమిది అధ్యాయాలు. మొదటి నాలుగూ శాస్త్ర సంప్రదాయమైన మార్గ నృత్తానివి, తక్కిన నాలుగూ జనం వాడుకలోని దేశి నృత్తానివి. జనం ఆడే పేరిణి, గొండలి, దండరాసకం, కందుక నృత్తం వంటివాటిని సేనాధిపతి శ్రద్ధగా చూసి లక్షణాలు రాయడమే ఇందులో అసలు విలువ.

నాట్యానికి పేరుపడ్డ కూచిపూడి కూడా దగ్గరే, దివికి ఉత్తరాన, మొవ్వ మండలంలో ఉంది. ఆ ఊరి భాగవతులకు గోల్కొండ తానీషా అగ్రహారం ఇచ్చాడని చెప్పుకునేది జాయప తర్వాత నాలుగు వందల ఏళ్లకు. కాబట్టి కూచిపూడి పేరు జాయప గ్రంథంలో వెతకకూడదు. ‘నృత్తరత్నావళి’ అచ్చు ప్రతిని వి. రాఘవన్ పరిష్కరించి 1965లో మద్రాసులో వెలువరించారు. రాళ్లపల్లి అనంతకృష్ణశర్మ తెలుగు చేశారు. నటరాజ రామకృష్ణ ఆ గ్రంథాన్నీ, 1213 నాటి రామప్ప గుడి శిల్పాలనూ పక్కపక్కన పెట్టుకుని పేరిణి తాండవాన్ని మళ్లీ రంగస్థలం ఎక్కించారు.