ప్యానెల్‌కు ముందు పసుపు కుంకుమ

బడికి ఇంటరాక్టివ్ ఫ్లాట్ ప్యానెల్ (ఐఎఫ్‌పీ), అదే పెద్ద టచ్ తెర, వచ్చిందా? పసుపు కుంకుమ పెట్టి, కొబ్బరికాయ కొట్టి, ఫొటో తీసి మండలం వాట్సాప్ గ్రూపులో పెట్టండి. ప్లాస్టిక్ కవరు మాత్రం చింపకండి. గదికి తాళమేసి, తాళంచెవి హెచ్ఎం గారి బీరువాలో దాచండి. తెర పగిలితే రికవరీ ఎవరి జీతంలోంచి పోతుందో మీకు తెలియంది కాదు.

ఇక శిక్షణ. 2017లో దీక్షా అనే ఆన్‌లైన్ వేదిక, 2019లో నిష్ఠా అనే టీచర్ల శిక్షణ కార్యక్రమం మొదలయ్యాయి. కోవిడ్ ఏడాది నిష్ఠా కూడా దీక్షాలోకే వచ్చేసింది కాబట్టి ఇంట్లోనే ఆరితేరొచ్చు. వీడియో పెట్టి, సౌండు తగ్గించి, ఫోను చార్జింగుకు పెట్టి పప్పు తాలింపు వేసుకోండి. చివరి క్విజ్‌లో 70 శాతం రావాలి కదా అని కంగారొద్దు. జవాబులు ఏదో ఒక గ్రూపులో తిరుగుతూనే ఉంటాయి. ప్రశ్న చదవకండి, అనవసరంగా సందేహాలొస్తాయి. సర్టిఫికెట్ మీద మీ పేరు సరిగ్గా పడిందో లేదో చూసుకుంటే చాలు.

ముఖాముఖి శిక్షణైతే మరీ హాయి. రిసోర్స్ పర్సన్ పీపీటీలో ఉన్నదంతా పైకి చదువుతారు, పెన్ను రంగు మార్చడం చూపిస్తారు. భిన్నాలు రాని ఆరో తరగతి పిల్లకు ఈ తెర ఎలా పనికొస్తుందని అడిగి టీ ఆలస్యం చేయకండి.

క్లాసులో ప్రతి పాఠమూ వీడియోనే. విత్తనం మొలకెత్తడం కూడా తెర మీదే చూపండి. తడిగుడ్డలో పెసలు మూటకడితే పిల్లలు రోజూ విప్పి చూసి ప్రశ్నలతో చంపుతారు. కంటికి కనబడని గుండె కవాటాలకు, ఎప్పుడో గానీ రాని గ్రహణాలకే తెర కావాలనే చాదస్తులు ప్రతి బడిలో ఒకరుంటారు, పట్టించుకోకండి. వీడియో నడుస్తుంటే మీరు యాప్‌లు నింపుకోవచ్చు. ఆంధ్రప్రదేశ్‌లో 2022 ఆగస్టు నుంచి ముఖం చూపించి వేసే హాజరు కూడా సొంత ఫోన్లోనే కదా. మధ్యాహ్న భోజనం ఫొటోలు సరేసరి. (టీచర్లకు టెక్నాలజీ రాదనేవాళ్లు, సిగ్నల్ కోసం మేడెక్కి ఇవన్నీ అప్‌లోడ్ చేసే మేడమ్‌ను ఒకసారి చూడాలి. ఆవిడకు రానిది యాప్ కాదు, తీరిక.)

కేబుల్ ఎక్కడ గుచ్చాలో తొమ్మిదో తరగతి కుర్రాణ్ణి అడగకండి. వాడికి తెలుసు, పరువు మీది.

స్కూల్ కాంప్లెక్స్ సమావేశంలో పక్క బడి సారెవరైనా “మా పిల్లలతో ఈ పాఠం ఇలా చేశాను, ఇక్కడ బెడిసింది” అని చూపించబోతే వెంటనే ఆపండి. నిజంగానే నేర్చుకునే ప్రమాదముంది. ఆ పూట సర్టిఫికెట్లు అప్‌లోడ్ చేయనివాళ్ల జాబితా చదవాలి. మీ పేరుందేమో చూసుకోండి.