కొట్టని చెట్టుకు కూలి

ఎకరానికి నూట నలభై రూపాయలు. నెలకు కాదు, ఏడాదికి. అమెజాన్ అడవినీ కాంగో అడవినీ బోర్నియో అడవినీ నరకకుండా నిలబెట్టినందుకు ప్రపంచం తన ఔదార్యాన్నంతా కూడగట్టుకుని ప్రకటించిన కూలి ఇది. 2025 నవంబరులో బ్రెజిల్‌లోని బెలెం నగరంలో, వాతావరణ మహాసభ సందర్భంగా, 'ట్రాపికల్ ఫారెస్ట్స్ ఫరెవర్ ఫెసిలిటీ' అనే నిధిని మేళతాళాలతో మొదలుపెట్టారు. హెక్టారుకు ఏటా 4 డాలర్లన్నారు. దాన్ని ఎకరాల్లోకి, రూపాయల్లోకి దించితే పైన చెప్పిన అంకె తేలుతుంది. తెలంగాణలో సాగుభూమికి రైతు భరోసా ఎకరాకు ఏడాదికి 12,000 రూపాయలు. అది చాలడం లేదని రైతూ, అసలు అందడమే లేదని కౌలురైతూ మొత్తుకుంటున్నారు. భూగోళానికి ఊపిరితిత్తులని బడిపిల్లల చేత వల్లె వేయించే వర్షారణ్యం మాత్రం మన వరిమడి కన్నా ఎనభై రెట్లకు పైగా చవక.

ఈ నూట నలభైలో కనీసం ఐదో వంతు అడవిలో బతికే ఆదివాసులకు, స్థానికులకు చేరాలని నియమం కూడా పెట్టారు. మహా నియమం. అంటే ఎకరానికి 28 రూపాయలు. మలేరియాతోనూ, తుపాకులు పట్టుకొచ్చే బంగారం దొంగలతోనూ ఏడాది పొడుగునా వేగి, ఎకరం అడవిని కాచినవాడు ఆ డబ్బుతో హైదరాబాద్ వస్తే ఇరానీ హోటల్లో ఒక చాయ్ తాగొచ్చు. ఉస్మానియా బిస్కెట్ కూడా కావాలంటే వచ్చే ఏటి దాకా ఆగాలి.

ఆ చాయ్ డబ్బులైనా ఎక్కడి నుంచి వస్తాయి? ధనిక దేశాలు చందా వేస్తున్నాయనుకుంటే మీరు పాతకాలం మనిషి. ప్రభుత్వాలు 2,500 కోట్ల డాలర్లు పెట్టుబడి పెట్టాలట. దాన్ని చూసి ధైర్యం తెచ్చుకుని ప్రైవేటు మదుపరులు మరో 10,000 కోట్లు పెట్టాలట. ఆ మొత్తంతో ఎక్కువగా వర్ధమాన దేశాల బాండ్లు కొని, రాబడి సంపాదించి, అందులో ముందు మదుపరుల వాటా తీస్తారు. తర్వాత సొమ్ము పెట్టిన ప్రభుత్వాల వాటా. ఆ తర్వాత ఏమైనా మిగిలితే అది అడవికి. వడ్డించేవాడు మనవాడైతే కడబంతిలో కూర్చున్నా ఫరవాలేదంటారు. ఇక్కడ కడబంతిలో కూర్చున్నది అడవి, వడ్డిస్తున్నది బాండ్ల మార్కెట్టు. పైగా ఆ బాండ్ల మీద హెచ్చు వడ్డీ కట్టేవి వర్ధమాన దేశాలే, అడవి కాయాల్సినవీ వర్ధమాన దేశాలే. మార్కెట్టు ఏ ఏడాదైనా జ్వరం తెచ్చుకుంటే కాంగో అడవి పస్తుండాలి. ప్రభుత్వాలు వేయాల్సిన ఆ 2,500 కోట్లలో బెలెం సభల నాటికి నోటి మాటగా పోగైంది 670 కోట్ల చిల్లర. అందులో పెద్ద మాట నార్వేది, 300 కోట్లు. మిగతావాళ్లు కూడా వేస్తేనే అన్న షరతుతో.

దీనికన్నా పాత సరుకు కార్బన్ క్రెడిట్. ఒక టన్ను కార్బన్ డయాక్సైడ్ గాల్లో కలవకుండా ఆపితే ఒక క్రెడిట్. పొగ వదిలే కంపెనీ దాన్ని కొనుక్కుని తన పొగకు చెల్లు రాసుకుంటుంది. నాటిన చెట్లను లెక్కపెట్టొచ్చు, నరికితే మోళ్లను లెక్కపెట్టొచ్చు. నరకని చెట్లను లెక్కపెట్టడం ఎలాగ? దానికో విద్య ఉంది. 'మేమే గనక రాకపోతే ఈ అడవి ఎంత నాశనమయ్యేదో' అని ముందు ఊహించాలి. ఊహ ఎంత భయంకరంగా ఉంటే క్రెడిట్లు అన్ని ఎక్కువ. ఊహించేవాడికి ఫీజు ఇచ్చేది ఆ క్రెడిట్లు అమ్ముకునేవాడే. కాబట్టి రోడ్డు లేని, సంత లేని, రంపం మోత ఏనాడూ వినని అడవి కూడా కాగితం మీదికెక్కేసరికి రేపో మాపో బుగ్గి కాబోతున్నట్టే కనిపిస్తుంది. ఎవరూ తలపెట్టని హత్యను ఆపినందుకు బహుమతి, ఆ బహుమతిని చూపించి వేరే చోట నిజం హత్యకు లైసెన్సు.

2023 జనవరిలో బ్రిటన్ పత్రిక గార్డియన్, జర్మన్ వారపత్రిక డీ జైట్, సోర్స్ మెటీరియల్ అనే పరిశోధక బృందం కలిసి ఈ సరుకును జల్లెడ పట్టాయి. ఈ రంగంలో పెద్ద పేరున్న 'వెర్రా' సంస్థ ముద్ర వేసిన వర్షారణ్య క్రెడిట్లలో 90 శాతానికి పైగా ఉత్తుత్తివే కావచ్చని తేల్చాయి. ఆ లెక్క తప్పని వెర్రా వాదించింది. అదే ఏడాది ఆగస్టులో 'సైన్స్' పత్రికలో వచ్చిన పరిశోధన ఆరు దేశాల్లోని 26 ప్రాజెక్టులను పరిశీలించింది. చాలా వాటి వల్ల అడవి నరకడం చెప్పుకోదగ్గంతగా తగ్గలేదంది. లెక్కకు అందిన ప్రాజెక్టులు పుట్టిస్తామన్న 8.9 కోట్ల క్రెడిట్లలో నిజంగా ఆగిన పొగకు సరిపోయేవి 54 లక్షలు, అంటే సుమారు 6 శాతం. పాలల్లో నీళ్లు కలిపేవాడైనా ఇంతకు తెగించడు.

బ్రెజిల్ వాళ్లు ఈ విద్యను ఇంకో మెట్టు ఎక్కించారు. 2024 జూన్‌లో అక్కడి ఫెడరల్ పోలీసులు ఒక ముఠా మీద దాడులు చేసి, ఆ ఆపరేషన్‌కు 'గ్రీన్‌వాషింగ్', అంటే పచ్చరంగు పూత, అనే పేరే పెట్టారు. పోలీసుల అభియోగం ఇది: అమెజాన్‌లో ప్రభుత్వ భూమిని దొంగ కాగితాలతో కాజేశారు, ఆ భూమి మీద అడవిని కాపాడుతున్నామని క్రెడిట్లు అమ్మారు, అదే అడవిలో దొంగ కలప కొట్టి అదీ అమ్ముకున్నారు. కొట్టిన చెట్టుకూ డబ్బే, కొట్టని చెట్టుకూ డబ్బే, ఏది ఏ పద్దులో రాయాలో తెలియక గుమాస్తా ఎంత అవస్థ పడ్డాడో పాపం. ఆ క్రెడిట్లను పేరున్న అంతర్జాతీయ కంపెనీలే కొన్నాయి. కంచె చేను మేసిందని మనం సామెత చెప్పుకుంటాం గానీ, మేసిన కంచె మళ్లీ కావలికూలి కూడా పుచ్చుకోవడం మన పెద్దలకు తట్టలేదు.

మరి అడవిలో పుట్టి పెరిగినవాడి సంగతి? కంబోడియాలోని కార్డమమ్ కొండల్లో చోంగ్ ఆదివాసులు తరతరాలుగా ఉంటున్నారు. ఆ కొండలు కార్బన్ ప్రాజెక్టు కిందికి వచ్చాయి. అక్కడ చోంగ్ వాళ్లను సాగు భూముల నుంచి వెళ్లగొట్టారని, అడవి సరుకు ఏరుకుంటున్నందుకు అరెస్టులు చేశారని 2024 ఫిబ్రవరిలో హ్యూమన్ రైట్స్ వాచ్ నివేదిక ఇచ్చింది. ప్రాజెక్టు నడిపేవాళ్లు కాదన్నారు. కొన్నాళ్లు ఆపిన ప్రాజెక్టుకు వెర్రా మళ్లీ పచ్చజెండా ఊపింది. లెక్క ప్రకారం చూస్తే ప్రాజెక్టు తప్పేమీ లేదు లెండి. అడవికి ఎవడో ఒకడు ముప్పుగా ఉంటేనే క్రెడిట్ పుడుతుంది. అమెజాన్‌ను ఎక్కువగా మింగింది పశువుల మేతభూములు. ఆ పశువుల ఆసామి మీదికి వెళ్తే లాయర్లు వస్తారు. తేనె తీసుకునేవాడి మీదికి వెళ్తే ఎవరూ రారు. ముప్పు పదవికి వాడే తగినవాడు. అమ్మ పెట్టదు, అడుక్కుతిననివ్వదు అన్నది వాడి కోసమే పుట్టిన మాట.

ఇక దాతల దగ్గరికి వద్దాం. అడవుల విషయంలో నార్వే అంత ఉదార దేశం మరొకటి లేదు. ఎగతాళి కాదు, నిజమే. 2008లో బ్రెజిల్ అమెజాన్ నిధి పెడితే అందులో పడిన సొమ్ములో సింహభాగం నార్వేదే. ఆ సొమ్మంతా ఎక్కడిదంటే, ఉత్తర సముద్రం అడుగు నుంచి తోడిన చమురూ గ్యాసూ. అడుసు తొక్కనేల కాలు కడగనేల అని మన పిల్లలకు చెప్తాం. నార్వే అడుసు తొక్కుతూనే ఉంటుంది, కాళ్లు మాత్రం బ్రెజిల్ చేత కడిగిస్తుంది. 2010లో ఇండోనేషియాకు 100 కోట్ల డాలర్ల ఆశ పెట్టింది. పదకొండేళ్ల తర్వాత కూడా మొదటి ఫలితాల తాలూకు 5.6 కోట్లు చేతికి రాలేదని ఇండోనేషియా 2021లో ఒప్పందాన్ని రద్దు చేసుకుంది. మరుసటేడు కొత్త ఒప్పందం రాసుకున్నాకే ఆ సొమ్ము కదిలింది. కూలి బకాయి కోసం మేస్త్రీ చుట్టూ తిరిగే ఖర్మ మనుషులకే ఉంటుందనుకున్నాం, దేశాలకూ ఉంటుందన్నమాట.

గయానా కథ ఇంకా రసవత్తరం. చెరకు తోటల్లో కూలికి మద్రాసు రేవు నుంచి మనవాళ్లు కూడా కొందరు ఓడెక్కి వెళ్లిన దేశం అది. నేలలో 85 శాతానికి పైగా అడవే. 2019 డిసెంబరులో అక్కడి సముద్రంలో చమురు పైకి రావడం మొదలైంది. తోడుతున్న ముగ్గురు భాగస్తుల్లో అప్పట్లో హెస్ అనే అమెరికన్ కంపెనీ ఒకటి. 2022 డిసెంబరులో ఆ హెస్ కంపెనీయే గయానా అడవి నుంచి 3.75 కోట్ల కార్బన్ క్రెడిట్లను తక్కువలో తక్కువ 75 కోట్ల డాలర్లకు కొంటానని సంతకం పెట్టింది. ఎవరి ఇంటి నుంచి చమురు తోడుతున్నాడో వాళ్ల పెరట్లోని చెట్లకే కిరాయి కట్టి, తనను తాను పచ్చటివాడిగా ప్రకటించుకోవడం. అందులో 15 శాతం ఆదివాసీ పల్లెలకు వెళ్తుందన్నారు. ఆ పల్లెలను ముందు సరిగా అడగలేదని అక్కడి ఆదివాసీ సంఘం ఫిర్యాదు చేసింది. అడవి ఎటూ పోదన్న ధీమా ఉన్న చోట అడవి కాపాడటం, చమురు ఎటూ ఆగదన్న ధీమా ఉన్న చోట చమురు తోడటం. ఇంతకన్నా తెలివైన వ్యాపారం ఉంటే చెప్పండి.

ఇదంతా విని, అడవికి డబ్బు కట్టడమే దండగ అనుకునేరు. అక్కడే నాకు పేచీ. డబ్బు పనిచేస్తుంది, పేదవాడి చేతికి నేరుగా వెళ్తే. పశ్చిమ ఉగాండాలో 121 ఊళ్లను తీసుకుని, చీట్లు వేసినట్టు వాటిలో సుమారు సగం ఊళ్లను ఎంచి, అక్కడ సొంత అడవి ఉన్న రైతులకు 'నరక్కండి, హెక్టారుకు ఏటా 70,000 షిల్లింగులు ఇస్తాం' అన్నారు. అప్పటి లెక్కలో 28 డాలర్లు. రెండేళ్ల తర్వాత ఉపగ్రహ చిత్రాలు చూస్తే డబ్బులివ్వని ఊళ్లలో చెట్లు 9.1 శాతం తగ్గాయి, ఇచ్చిన ఊళ్లలో 4.2 శాతమే. ఆర్థికవేత్త సీమా జయచంద్రన్ బృందం చేసిన ఈ పరిశోధన 2017లో 'సైన్స్'లో వచ్చింది. చూశారా, ఊహ లేదు, జోస్యం లేదు. ఇచ్చిన ఊరూ ఇవ్వని ఊరూ పక్కపక్కన పెట్టి చూశారు. ఇంత సాదాసీదా పనిలో కన్సల్టెంట్లకు తినడానికి ఏముంది? అందుకే దీని గురించి ఐదు నక్షత్రాల హోటళ్లలో సభలు జరగవు.

కోస్టారికా ఇంకా ముందే మొదలుపెట్టింది. 1996లో చట్టం చేసి, 1997 నుంచి అడవి నిలబెట్టిన భూయజమానులకు డబ్బు కడుతోంది. దానికి ఆధారం ఏ విదేశీ దాతా కాదు, ప్రధానంగా సొంత దేశంలో పెట్రోలు మీద వేసిన పన్ను. పొగ వదిలేవాడి జేబు నుంచి తీసి చెట్టు కాచేవాడి జేబులో పెట్టారు. 1980ల్లో దేశంలో నాలుగో వంతుకు దిగిపోయిన అడవి ఇప్పుడు సగానికి మించింది. అయితే అందరూ దాటేసే సంగతి ఒకటుంది. డబ్బిచ్చిన ఆ చట్టమే అడవిని కొట్టి పొలం చేయడాన్ని నిషేధించింది కూడా. గొడ్డు మాంసం ధరలు పడిపోవడమూ కలిసొచ్చింది. బెల్లంతో పాటు బెత్తమూ ఉందన్నమాట. మన మహాసభల్లో బెల్లం గురించి మూడు రోజులు మాట్లాడతారు, బెత్తం పేరెత్తితే భోజన విరామం ప్రకటిస్తారు.

మన దేశం దీన్ని తిరగేసి అమలు చేస్తోంది. కొట్టనందుకు కూలి కాదు, కొట్టినందుకు రుసుము. గ్రేట్ నికోబార్ దీవిలో ఓడరేవు, విమానాశ్రయం, పట్టణం కోసం సుమారు 130 చదరపు కిలోమీటర్ల వర్షారణ్యానికి ఎసరు పెట్టారు. పోయే చెట్లు తొమ్మిది లక్షలకు పైనేనని ప్రభుత్వమే పార్లమెంటుకు చెప్పింది. బదులుగా మొక్కలు నాటేది ఎక్కడా అంటే, హర్యానాలో. నికోబార్ మెగపోడ్ పక్షి గురుగ్రామ్ దాకా ఎగిరొచ్చి ఆరావళి ఎండలో గుడ్లు పెట్టుకుంటే సరిపోతుందని ఫైలులో ఎక్కడో రాసే ఉంటారు.

ఈక్వెడార్‌ది మరో దారి. అమెజాన్‌లోని యసునీ జాతీయవనం కింద 84.6 కోట్ల బారెళ్ల చమురు ఉంది. పైన బయటి ప్రపంచంతో పొత్తు వద్దనుకుని బతికే తగైరీ, తరొమెనానే జనం ఉన్నారు. 2007లో అధ్యక్షుడు రఫాయెల్ కొరియా ఐక్యరాజ్యసమితికి వెళ్లి, చమురు విలువలో సగం, అంటే 360 కోట్ల డాలర్లు ఇవ్వండి, దాన్ని నేలలోనే ఉంచేస్తాం అన్నాడు. ప్రపంచం చప్పట్లు కొట్టింది. 2013 దాకా చేతికొచ్చింది 1.3 కోట్లు. కొరియా ఆ పథకాన్ని మూసేసి తవ్వకానికి తలుపు తీశాడు. 2016లో తవ్వకం మొదలైంది. అక్కడితో కథ ఆగలేదు. యువతీ యువకులు, ఆదివాసులు ఏళ్ల తరబడి సంతకాలు సేకరించి, కోర్టులు ఎక్కి, 2023 ఆగస్టు 20న దేశమంతా ఓటు వేసేలా చేశారు. చమురు నేలలోనే ఉండాలన్నవాళ్లు దాదాపు 59 శాతం. క్రెడిట్ లేదు, డాలర్ లేదు, హెక్టారుకు ఇంత అన్న బేరం లేదు. ప్రభుత్వ ఆదాయానికి కోత పడుతుందని తెలిసీ వేశారు.

తవ్వకం ఆపడానికి రాజ్యాంగ న్యాయస్థానం ఇచ్చిన గడువు ఏడాది. మొత్తం బావులు 247. అన్నీ మూయడానికి 2029 దాకా పడుతుందని ప్రభుత్వం అంటోంది. యసునీ చమురు ఇంకా గొట్టాల్లో పారుతూనే ఉంది.