అడ్మిషన్ రిజిస్టరు ఆత్మకథ

నేనొక ప్రభుత్వ మానసిక వైద్యశాలలోని అడ్మిషన్ రిజిస్టరును. నా తరువాత పుస్తకములెన్నియో వచ్చినవి, కంప్యూటరును వచ్చినది. అయినను నాలోని కొన్ని వరుసలింకను ముగియకుండుటచేత, నన్ను రికార్డు గదికి పంపక గుమాస్తాగారి బీరువాలోనే ఉంచిరి.

నా తొలి పుటలు నిండిన దినములలో 1912 నాటి ఇండియన్ లూనసీ చట్టమే అమలున నుండెను. రోగిని తెచ్చిన బంధువెవ్వరు, ధ్రువపత్రములిచ్చిన వైద్యులిద్దఱెవ్వరు, మేజిస్ట్రేటు ఉత్తర్వు ఏ తేదీది అను వానికి నాయందు వెడల్పైన గడులుండెను గాని, ఆ ఉత్తర్వు ఎవరిని బంధించుచున్నదో ఆ మనుష్యుని మాట వ్రాయుటకు అంగుళమైనను చోటు లేకుండెను. పార్లమెంటు 1987లో క్రొత్త చట్టము చేసినను, అది అమలునకు వచ్చుసరికి 1993 ఏప్రిల్ 1వ తేదీ యయ్యెను. అప్పటినుండి మేజిస్ట్రేటుతో పనిలేకయే, బంధువుల దరఖాస్తుమీద, ఇద్దఱు వైద్యుల ధ్రువపత్రములతో, తొంబది దినములవరకు ఒకరిని చేర్చుకొనుటకు వీలైనది. త్రోవ సులువైనది, తెచ్చువారికి.

2001 ఆగస్టు 6న తమిళనాడులోని ఏర్వాడిలో, దర్గా చెంత నడుచుచుండిన ఒక ప్రైవేటు ఆశ్రయమున నిప్పంటుకొనగా, గొలుసులతో కట్టబడియున్న రోగులు పరుగెత్తజాలక, 28 మంది ప్రాణములు కోల్పోయిరి. గొలుసు వేయరాదని చట్టమునందు స్పష్టముగా వ్రాయుటకు ఆ పిమ్మట పదునాఱేండ్లు పట్టెను.

ఆ వ్రాత 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టములోనిది; 2018 మే 29న అది అమలునకు వచ్చెను. నా ప్రక్కనున్న క్రొత్త పుస్తకములో రోగి సమ్మతికి గడి యున్నది, రోగి తానుగా ఎన్నుకొన్న ప్రతినిధి పేరునకు గడి యున్నది. తనంత తాను నిర్ణయించుకొనలేని స్థితిలో ఒకరిని చేర్చుకొన్నచో, తొలుత ముప్పది దినములకు మించి ఉంచరాదు. ఏడు దినములలో, స్త్రీలయెడలను బాలలయెడలను మూడు దినములలోనే, సమీక్షా మండలికి తెలియజేయవలెను. దేహరోగములతో సమానముగా మనోరోగములకును బీమా వర్తింపవలెనని సైతము ఆ చట్టమే శాసించెను. ఇంత న్యాయమైన పుటలు నాకు దక్కలేదని చింతయే గాని, అవి దక్కినవారిని చూచి నాకు నిజముగా సంతోషము.

నా మధ్యపుటలలో ఒక స్త్రీ పేరున్నది. వ్యాధి నెమ్మదించినదనియు, ఇంటికి పంపవచ్చుననియు వైద్యులు ఏనాడో వ్రాసిరి. చిరునామా గడిలోని ఇంటికి పంపిన జాబులు తిరిగివచ్చినవి. ఆ ఇల్లు అమ్ముడుపోయినదట, అన్నదమ్ములెచ్చటనున్నారో తెలియదట. ఆమె వార్డులోని వారికి జడలల్లుచు, క్రొత్తగా వచ్చినవారికి ధైర్యము చెప్పుచు, ఆరోగ్యవంతురాలై ఆసుపత్రిలోనే ముసలిదగుచున్నది. కుటుంబము స్వీకరింపలేదనియో, నిలువ నీడ లేదనియో, బయట తగిన ఏర్పాట్లు లేవనియో ఎవరిని గాని ఆసుపత్రిలో ఉంచివేయరాదని 2017 చట్టపు 19వ సెక్షను చెప్పుచున్నది. ఆ వాక్యము ఆమె కొఱకే వ్రాసినట్లున్నది. ఐనను ఆమె డిశ్చార్జి గడి ఖాళీగనే యున్నది, ఏలయన తేదీ వేయుటకు కలము చాలును, ఆమె పోయి తల దాచుకొనుటకు గది కావలెను. అట్టి ఆశ్రయ గృహములను కల్పించుట ప్రభుత్వముల విధియని 18వ సెక్షను నిర్ణయించియున్నది. జిల్లాకొక్కటియైనను అట్టి గృహమునకు ఈ యేటి బడ్జెట్టులోనే సొమ్ము కేటాయింపవలెనని, నాలోని ముగియని వరుసలన్నిటి పక్షమున అడుగుచున్నాను.