గొడుగు వాక్యానికి టీకా తాత్పర్యం

మూలం: “సభకు నమస్కారం. అఁ... గొడుగు గురించి నేనేం చెప్పదలచుకున్నానంటే, యాక్చువల్లీ, గొడుగు అనేది మనిషికి చాలా ముఖ్యమైనది.”

అవతారిక: హైదరాబాదులో, సభలో మాట్లాడడం సాధన చేసే ఒకానొక టోస్ట్‌మాస్టర్స్ క్లబ్బున, అప్పటికప్పుడు ఇచ్చిన అంశంపై మాట్లాడవలసిన టేబుల్ టాపిక్స్ వేళ, కొత్త సభ్యుడు తీసిన చీటీలో గొడుగు వచ్చెను. చీటీ విప్పడానికీ నోరు విప్పడానికీ నడుమ ఆయనకు దొరికిన వ్యవధి కుర్చీ నుంచి మైకు దాకా నడిచినంతసేపే. 1924లో కాలిఫోర్నియాలోని శాంటా ఆనా పట్నంలో, వైఎంసీఏ భవనంలో రాల్ఫ్ స్మెడ్లీ మొదలుపెట్టిన సంప్రదాయం ఇంత దూరం వచ్చి ఈ వాక్యానికి కారణమయ్యెనని గ్రహించునది.

ప్రతిపదార్థం: సభకు = తమ పేరు ఎప్పుడు పిలుస్తారోనని బిక్కుబిక్కుమంటున్న వారికి; నమస్కారం = రెండు సెకన్లు గడిచిపోవుగాక; నేనేం చెప్పదలచుకున్నానంటే = ఏమీ తోచలేదు; యాక్చువల్లీ = ఇంకా తోచలేదు; చాలా ముఖ్యమైనది = బడిలో చెట్లకూ, నీటికీ, క్రమశిక్షణకూ రాసిన వ్యాసాల మొదటి వాక్యం, ఇచ్చటికి అరువు వచ్చినది.

‘అఁ’కు వేరుగా టీక అవసరం. దీన్ని లెక్కపెట్టడానికే ఆ-కౌంటర్ అనే అధికారి కాగితం, పెన్నుతో కూర్చుని ఉంటాడు. చివర్లో పేరు పేరునా లెక్క చదువుతాడు.

శంక: ఆలోచించుకోవడానికి ఆగడం కూడా తప్పేనా?

సమాధానం: ఆగొచ్చు. ఆగినచోట శబ్దం పూడ్చడమే దోషం. నోరు మూసుకుని రెండు క్షణాలు నిలబడితే, వినేవారు ‘ఆలోచిస్తున్నాడు’ అనుకుంటారు. నిలబడినవాడికి మాత్రం అది యుగం. ఈ భయం పుస్తకం చదివితే పోయేది కాదు. పదిమంది ముందు అలా నిలబడి నిలబడి పోగొట్టుకోవలసిందే.

ఛందస్సు: టైమరు చూపే కార్డులను బట్టి. నిమిషానికి ఆకుపచ్చ, నిమిషన్నరకు పసుపు, రెండు నిమిషాలకు ఎరుపు. మన వక్త ఆకుపచ్చ కూడా చూడకుండానే “అంతే, థాంక్యూ” అని కూర్చొనెను. కావున ఇది ఖండిక.

పాఠాంతరం: కొన్ని నెలలపాటు లిఫ్టు, పోపులపెట్టె, అద్దె ఇల్లు, మేనత్త వంటి చీటీలు తీశాక, అదే వక్తకు మళ్లీ గొడుగు వచ్చెను. అప్పటి వాక్యం ఇది: “మా నాన్న గొడుగు ఎండకే వేసుకునేవాడు. వానలో తడిస్తే పాడైపోతుందని.” ఇది వేరెవరో రాసిచ్చినదని ఒక వ్యాఖ్యాత అనుమానం. నేనొప్పను. మేనత్త మీద రెండు నిమిషాలు మాట్లాడి బయటపడినవాడు ఎంతకైనా సమర్థుడు.

తాత్పర్యం: మొదటి పాఠంలో గొడుగు తీసి మరుగుదొడ్డి పెట్టినా వాక్యం చెడదు. రెండోదానిలో గొడుగు తీస్తే నాన్న కూడా పోతాడు. దేశభక్తి మీద కంఠస్థం చేసిన ఉపన్యాసమొక్కటే పట్టుకుని పోటీలన్నీ తిరిగేవారికి ఈ తేడా తెలియదు. కప్పులు మాత్రం వారికే ఎక్కువ వస్తాయి, అది వేరే సంగతి.

వక్త తండ్రిగారు ఈ పాఠాంతరాన్ని అంగీకరించరు. ఆ గొడుగుకు రెండు ఊచలు విరిగి ఉండేవనీ, ఆ సంగతి దాచి తనను సభలో పిసినారిని చేశాడనీ ఆయన అభ్యంతరం.