అరణ్యసీమలో రాత్రి కచేరి వినువారికి సూచనలు

సోల్, ఫంక్, అమెరికానా యను పాశ్చాత్య గానభేదములను నిద్రలో లేపి యడిగినను తడబడక చెప్పగల రసికులు మన నగరములలో నేడు కొల్లలుగా నున్నారు. అట్టివారు ఖమ్మము దాటి భద్రాచలపు టడవి అంచున ఒక రాత్రి కచేరి వినదలచినచో, వారి రసజ్ఞతకు లేశమైన భంగము వాటిల్లకుండుటకై ఈ సూచనలు.

ప్రయాణము రైలులో సాగించుట యుత్తమము. భద్రాచలం రోడ్ అను స్టేషనున దిగి, పేరును నమ్మి, గోపురమునకై నలుదెసలు పరికింపుడు. అది కొత్తగూడెము, రామయ్య సన్నిధి యింకను 40 కిలోమీటర్ల చిల్లర దూరమున నున్నది. బస్సు పాల్వంచ, సారపాకలు దాటి గోదావరి వంతెన యెక్కువరకు చెవులలో జేమ్స్ బ్రౌను నుంచుకొనుడు. ఆవర్తనపు మొదటి దెబ్బపై వాద్యములన్నియు నొక్కుమ్మడిగా వ్రాలుటయే ఫంక్‌కు ప్రాణమని యెరిగినవారికి కిటికీ ఆవలి చప్పుళ్లతో పనియేమి?

రామదాసు జయంతికి జరుగు వాగ్గేయకారోత్సవముల వేళకు చేరితిరా, చిత్రకూట మండపమున నవరత్న కీర్తనల గోష్ఠిగానము మొదలు కాకమునుపే ప్రక్కవారితో “ఇది సోల్ సుమండీ” యని చెప్పివేయుడు. 1954లో రే చార్లెస్ చర్చిపాటల బాణీని ప్రణయగీతమునకు తొడుగగా భక్తులు నొచ్చుకొనిన వృత్తాంతమును గూడ జోడింపవచ్చును. ఆలస్యము చేసితిరేని ప్రమాదము. రామదాసుగా పేరొందిన నేలకొండపల్లి కంచర్ల గోపన్న పాల్వంచ పరగణా తహసీలుదారుగా నుండి, సర్కారు పైకముతో గుడి కట్టించి, గోలకొండ చెరలో పడి, ఏ నగకు ఎంత సొమ్మైనదో పద్దువెంబడి పద్దుగా దేవునికే లెక్క అప్పజెప్పి, కోపము పట్టజాలక నిందించి, వెంటనే దెబ్బలకోర్వలేక తిట్టితినని కాళ్లపై పడిన ఆ గొంతు ఒకసారి చెవిని పడినచో, మీ పోలిక మీకే గుర్తురాకపోవచ్చును.

పిమ్మట కోయగూడెములకు పోవలెను. అచట ముందువరుస యుండదు. కావున ప్లాస్టిక్కు కుర్చీ యొకటి తెప్పించుకొని ఆటస్థలమున నడిబొడ్డున వేయించుకొనుడు. అడవిదున్న కొమ్ములు తలకు ధరించి, మెడకు డోళ్లు తగిలించుకొనిన పురుషులు పోట్లాడు దున్నలవలె తలలు వంచి ఎదురెదురుగా వత్తురు. స్త్రీలు చేయి చేయి కలిపి వలయముగా కదలుదురు. కొమ్ము మీ కళ్లజోడు దాక వచ్చినచో లేవనక్కరలేదు; నగరములలో అట్టి సామీప్యమునకు అధికమూల్యపు టిక్కెట్టు కొందురు గదా!

కోయల వంశగాథలు పాడు డోలివారు పడిగె యను బొమ్మల గుడ్డ విప్పి గట్టు గట్టునకు, అనగా గోత్రము గోత్రమునకు, వంశగాథ నెత్తుకొనినప్పుడు, ముగ్గురు తాతల పేర్లైన దాటకమునుపే, ఇందు మూడు నిమిషముల ముక్క యేదని యడుగుడు. తెల్లవారుదాక సాగునని వారన్నచో గడియారము చూపుడు. మూలములను వెదకు సంగీతముపై మీకు ప్రీతి లేకపోలేదు. అమెరికానా పేర అట్టి సంగీతమునకు 1999లో నాష్‌విల్‌నందు ఒక సంఘమే వెలసినది. ఈ డోలిగాథల మూలములను గూర్చియు అచటినుండి సమాచారము వచ్చువరకు ఓపిక పట్టుట మర్యాద.

ఈ ఓపికలో మనవారు అందెవేసిన చేతులు. మణుగూరు మండలము కూనవరపు డోలిగాయకులు సకిని రామచంద్రయ్యగారు సమ్మక్క సారలమ్మల గాథను కోయభాషలోను తెలుగులోను దశాబ్దములుగా పాడుచుండగా మనము తొందరపడలేదు. 2022లో పద్మశ్రీ ప్రకటింపబడినది. అప్పుడు పత్రికలలో ఫొటో చూచి, ఎప్పుడో ఒకనాడు పోయి వినవలెననుకొంటిమి. 2024లో వారు గతించిరి. ఆ గాథలలో నెన్ని వారి గొంతుతోనే పోయినవో లెక్కించుట సంగీతరసికుల పని కాదు; దానికి పరిశోధకులున్నారు.

చివరగా సన్మానము. భద్రాచలపు వేసవి యెంతటిదైనను దళసరి శాలువయే కప్పవలెను. కప్పునప్పుడు కళాకారుని ముఖము కాక సన్మానకర్తల ముఖములు ఫొటోలో స్పష్టముగా పడవలెను. రాత్రంతయు డోలు మోసినవారికి దారిబత్తెమేమైన నిత్తురాయని యెవరైన అమాయకులు అడిగినచో, రెండవ శాలువ తెప్పింపుడు.