ఏం కూర?

మన ఇళ్లలో ఫోను ఎత్తగానే వినిపించే మొదటి ప్రశ్న "తిన్నావా?", రెండోది "ఏం కూర?". ఉద్యోగం పోయినా, ఊరు మారినా, ప్రభుత్వం పడిపోయినా ఈ వరస తప్పదు. లోకం తలకిందులవుతుంటే వీళ్లకి కూర గొడవేమిటని చదువుకున్నవాళ్లు విసుక్కుంటారు. నా వాదన దీనికి ఎదురు. కాలం ఎంత వేగంగా మారిపోతుంటే, మనిషి యోగక్షేమాలు అంత చిన్న సంగతుల్లోనే తెలుస్తాయి. పెద్ద మార్పు అందరికీ ఒకటే, అది ఎలాగూ పేపర్లో పడుతుంది. పొద్దున్న తెచ్చిన వంకాయల్లో సగం పుచ్చులేనన్న కబురు మాత్రం ఆ ఇంటివాళ్లు చెబితే తప్ప ఎవరికీ తెలియదు.

భద్రాచలంలో 1950లో పుట్టి, ఊరు విడిచి ఎటూ వెళ్లని ఒక పెద్దాయనను ఊహించుకోండి. పుట్టినప్పుడు ఆయనది మద్రాసు రాష్ట్రం. 1953లో ఆంధ్ర రాష్ట్రం, 1956లో ఆంధ్రప్రదేశ్. 1959లో ఊరిని తూర్పుగోదావరి జిల్లా నుంచి తీసి ఖమ్మంలో కలిపారు. 2014లో తెలంగాణ ఏర్పడితే చుట్టుపక్కల పల్లెలు ఆంధ్రప్రదేశ్‌కు వెళ్లాయి, పట్టణం తెలంగాణలో ఉండిపోయింది. 2016లో భద్రాద్రి కొత్తగూడెం జిల్లా వచ్చింది. అంటే ఆ పెద్దాయన అరుగు మీంచి లేవకుండానే నాలుగు రాష్ట్రాలు, మూడు జిల్లాలు తిరిగేశాడు, బస్సు టిక్కెట్టుకు పైసా ఖర్చు లేకుండా. అలాంటి మనిషిని "ఎలా ఉన్నారండీ?" అని పలకరిస్తే గెజిట్లు ఏకరువు పెట్టడు. మోకాలు నొప్పి సంగతి చెబుతాడు. వానాకాలమైతే గోదారి సంగతి చెబుతాడు. పైన రాష్ట్రం ఏదైనా, నీటిమట్టం 43 అడుగులకు చేరితే మొదటి ప్రమాద హెచ్చరికే, పల్లపు ఇళ్లలో సామాను అటకెక్కాల్సిందే. మారినవన్నీ ప్రభుత్వం చెప్పేసింది. మారనివి చెప్పుకోవడమే ఆయన వంతు.

2020 లాక్‌డౌన్ దీనికి ఇంకో సాక్ష్యం. టీవీలో కేసుల లెక్క ఇంటింటికీ ఒకటే కాబట్టి దాని గురించి ఫోన్లో మాట్లాడుకోవడానికి రెండు నిమిషాలకు మించి పట్టేది కాదు. మిగతా అరగంటా ఇంటి విశేషాలే. మార్చి నెలాఖరున తలుపులు మూసుకున్నాం, ఏప్రిల్‌లో మామిడికాయ వచ్చేసింది. టెంకతో సహా ముక్కలు కొట్టిచ్చే మనిషి బజార్లో లేడు. లాప్‌టాప్ తప్ప బరువెరగని అల్లుడుగారు పెద్ద కత్తి ముందు కూర్చుంటే, జీడి తీసి గుడ్డతో తుడవడం మామగారి పని. ముక్క చితికిందా, టెంక ఊడిందా అన్న వార్త అమలాపురం నుంచి అమెరికా దాకా పాకేది. పెళ్లికి 50 మందికి మించరాదన్నారు కాబట్టి ఎవరిని పిలిచారన్నది మరో వార్త. పిలవకపోయినా ఎవరూ అలగకూడని ఏకైక ముహూర్తం అదే, అయినా అలిగినవాళ్లున్నారు. ఆ అలక విన్నాక అవతలివాళ్లు కులాసాగానే ఉన్నారని ఇవతలివాళ్లు నిశ్చింతగా నిద్రపోయేవారు.

ఇదంతా అసలు సంగతి దాచడానికి వేసే ముసుగు కాదా అని ఎవరైనా అడగవచ్చు. న్యాయమైన ప్రశ్నే. అమెరికాలో హెచ్-1బి వీసా మీదున్నవాడికి ఉద్యోగం పోతే కొత్తది వెతుక్కోవడానికి ఉండేది గరిష్ఠంగా 60 రోజులు. ఆ రోజుల్లో డాలస్ కొడుకు గుంటూరు అమ్మతో పెరట్లో గోంగూర ఏపుగా పెరిగిందని మాత్రమే చెబుతాడు. దాచాడనే అనుకుందాం, కానీ దాగిందా? పని రోజున, వాళ్ల పట్టపగలు, అరగంట సేపు గోంగూర గురించి మాట్లాడే తీరిక కొడుక్కి ఎక్కడిదని ఆవిడకు అప్పుడే అనుమానం. "ఏం కూర?" అన్నదానికి "ఏదో ఒకటిలే అమ్మా" అని జవాబు వచ్చిందా, ఇక అనుమానం కాదు, రూఢి. కష్టం నోటితో చెప్పకపోయినా కూర పేరు చెప్పలేకపోవడంలో బయటపడుతుంది. ఇంతకన్నా సూక్ష్మంగా పనిచేసే పరీక్ష ఏ ఆస్పత్రిలోనూ లేదు.

ఒక్కొక్కరికీ విడివిడిగా చెప్పే ఓపిక ఎవరికుంది, వాట్సాప్ స్టేటస్‌లోనో లింక్డ్‌ఇన్‌లోనో ఒక్కసారి పెట్టేస్తే పోదా అన్నది రెండో అభ్యంతరం. ఉద్యోగం వచ్చిందనో, కొత్త దేశం వెళ్తున్నామనో అందరికీ ఒకేసారి తెలియడానికి అది బాగానే పనికొస్తుంది. కాదనను. కానీ అందరికీ చెప్పదగ్గట్టు రాసిన కబురులో హోదా ఉంటుంది, జీతం అంచనా వేసుకునే వీలుంటుంది, మనిషి ఉండడు. అందుకే దానికింద వందలాది శుభాకాంక్షలు ఒకే అచ్చులో పడతాయి, అన్నిటికీ కలిపి ఒక దండం బొమ్మ పెడితే చెల్లిపోతుంది. ఆ వరసలో ఎక్కడో ఒక పెద్దమ్మ, "అక్కడ తోడుకి పెరుగు దొరుకుతుందా నాయనా?" అని రాస్తుంది. విడిగా కూర్చుని జవాబు రాయాల్సింది ఆవిడ ఒక్కదానికే.