మా రోజుల్లో వైరస్‌కీ చిరునామా ఉండేది

1986లో లాహోర్‌లో ఇద్దరు అన్నదమ్ములు వదిలిన బ్రెయిన్ వైరస్‌లో వాళ్ల పేర్లు, దుకాణం చిరునామా, ఫోన్ నంబర్లతో సహా ఉండేవి. సోకిన ఫ్లాపీ లేబుల్ చూస్తే బ్రెయిన్ అనే పేరే కనపడేది. అయిదుంపావు అంగుళాల ఫ్లాపీ అంచున చిన్న గాడి ఉంటుంది. దానిమీద స్టిక్కర్ అంటిస్తే డ్రైవ్ అందులో ఒక్క అక్షరం రాయలేదు. ఆ స్టిక్కర్ల పట్టీ ఎప్పుడూ నా చొక్కా జేబులోనే. బయటి ఫ్లాపీ పెద్దసారు తెచ్చినా సరే, ముందు నా బల్ల మీదికి రావాల్సిందే. పనిలేని వేళ డ్రైవ్ గరగరమంటే చెవులు నిక్కబొడుచుకునేవి.

ఇప్పుడో? ఒక్క ముఠాకి అరడజను పేర్లు. రష్యా గూఢచారుల ముఠా ఒకటుంది. క్రౌడ్‌స్ట్రైక్ వాళ్లకది కోజీ బేర్, మైక్రోసాఫ్ట్ వాళ్లకి మిడ్‌నైట్ బ్లిజర్డ్, మాండియంట్ వాళ్లకి ఏపీటీ 29. ఎవరి పేరు ఎవరిదో పోల్చుకునే పట్టిక వేస్తామని మొదటి రెండు కంపెనీలూ చెప్పేసరికి 2025 జూన్ వచ్చింది. ఒకే దొంగకి స్టేషన్‌కో పేరు పెడితే పోలీసుల్ని ఊరికే వదులుతామా? ముఠాలకే కాదు, సాఫ్ట్‌వేర్ లోపాలకీ ఇదే సంబరం. 2014లో హార్ట్‌బ్లీడ్‌ అనే లోపానికి నెత్తురోడే గుండె బొమ్మ గీశారు. అది పెద్ద లోపమే, కాదనను. కానీ ఆ తర్వాత చిన్నాచితకా కంతలకి కూడా బారసాల చెయ్యడం మొదలైంది.

మా మేనల్లుడిది గచ్చిబౌలిలో కంప్యూటర్ల భద్రత చూసే ఉద్యోగం, రాత్రి షిఫ్టు. తెరనిండా ఎర్రటి అలర్టులు. "ఎన్ని చూశావురా?" అంటే, "చూడటమెక్కడ మావయ్యా, క్లోజ్ చేశాను" అన్నాడు. కడుపు తరుక్కుపోయింది. వాడి తప్పు కాదు. పొద్దున పైవాళ్లు అడిగేది ఎన్ని టికెట్లు మూశావనే.

చూడటమంటే క్లిఫర్డ్ స్టోల్‌దే. ఆయన ఖగోళ శాస్త్రవేత్త. 1986లో లారెన్స్ బర్క్‌లీ ప్రయోగశాలలో కంప్యూటర్ లెక్కల్లో 75 సెంట్లు తేడా వస్తే పోనీలే అనుకోలేదు. తోటివాళ్ల బల్లల మీది ప్రింటర్లు మోసుకొచ్చి ఫోన్ లైన్లకి తగిలించి, అక్కడే పడుకున్నాడు. ఆ ముప్పావు డాలరు వెంటపడితే, సోవియట్ కేజీబీకి రహస్యాలు అమ్ముతున్న జర్మనీ హ్యాకర్ దొరికాడు.

ఈ కాలంలోనూ అలాంటివాడు ఒకడున్నాడు. 2024లో ఆండ్రెస్ ఫ్రాయిండ్ అనే ఇంజనీరు, లాగిన్ అర సెకను ఆలస్యమవుతోందని తవ్వుకుంటూ పోయి, ఎక్స్‌జెడ్ అనే సాఫ్ట్‌వేర్‌లో ఎవరో పెట్టిన దొంగదారి బయటపెట్టాడు. సెక్యూరిటీ అతని ఉద్యోగమే కాదు. ఆ దారి వేసినవాడు రెండేళ్లకు పైగా నమ్మకంగా కలిసి పనిచేసినవాడు!

ఇదంతా మేనల్లుడికి చెప్పాను. నిన్న అర్ధరాత్రి ఫోన్ చేశాడు. "మావయ్యా, ఒక మెషీన్ గడియారం మూడు నిమిషాలు వెనకుంది. అలర్టేమీ రాలేదు. ఎందుకో చూడనా?"

"చూడు నాయనా," అన్నాను. "టికెట్లు ఆగితే ఆగనీ."